మూడూళ్ల మార్పిడి

ఏప్రిల్ నెలాఖరులో ఒక మంగళవారం మధ్యాహ్నం అనూహ్య మైనపు ముద్దను చెక్కి దవడపన్ను చేస్తోంది. ఆకెన్‌లో దంతవైద్యం చదవడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు కావొస్తోంది. ల్యాబ్‌లో తన బల్ల, తన దీపం, తన చెక్కుడు కత్తులు ఆమెకు బాగా అలవాటైపోయాయి. పన్ను మీద ఉండాల్సిన నాలుగు మొనల్లో మూడు చక్కగా కుదిరాయి. నాలుగోదాని మీద కత్తి పెట్టబోతుండగా ఫోన్ మోగింది.

మెసేజ్ జర్మన్‌లో ఉంది. "హలో, నా పేరు హెన్రికె. ట్యూబింగెన్‌లో డెంటల్ నాలుగో సెమిస్టర్. నీ ప్రకటన చూశాను. నీకు ట్యూబింగెన్ కావాలి, నాకు ఆకెన్ కావాలి. సీట్లు మార్చుకుందామా?"

అనూహ్య రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతుంటే కత్తి జారి, కుదిరిన మొనల్లో ఒకటి ఊడి బల్ల మీద పడింది.

పక్క బల్ల దగ్గర టోర్బెన్ తల తిప్పి చూశాడు. రెండు మీటర్ల పొడవున్న మనిషి, ఆ చిన్న స్టూలు మీద ఒదగలేక ఎప్పుడూ కాళ్లు నడవలోకి చాపి కూర్చుంటాడు.

"పేషెంట్ బతుకుతాడా?" అని అడిగాడు.

"కష్టం," అంది అనూహ్య.

నిజానికి ఆ ప్రకటన ఆమె పెట్టింది కాదు. వాళ్ల నాన్న జితేంద్ర పెట్టించింది. అనూహ్యకు ఏడేళ్లప్పుడు జితేంద్ర, ప్రవీణ జగిత్యాల నుంచి జర్మనీ వచ్చారు. జితేంద్ర బ్యోబ్లింగెన్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో పనిచేస్తాడు. ప్రవీణ జర్మన్ నేర్చుకుని, కోర్సు పూర్తిచేసి, కీటాలో, అంటే చిన్నపిల్లల్ని పగలంతా చూసుకునే బడిలో, టీచరైంది. ఉన్నది ఒక్కతే కూతురు. దంతవైద్యం సీట్లు దేశమంతటికీ కలిపి పంచుతారు కాబట్టి, ఇంటికి గంట దూరంలో ఉన్న ట్యూబింగెన్ వెంట్రుకవాసిలో తప్పిపోయి, నాలుగున్నర గంటల దూరంలో ఉన్న ఆకెన్ వచ్చింది. కూతుర్ని దింపి వెనక్కి వెళ్లిన వారంలోనే జితేంద్ర సీట్ల మార్పిడి వెబ్‌సైట్‌లో ఆమె చేత ప్రకటన పెట్టించి, కింద తన మెయిల్ కూడా చేర్చాడు. ఏ ఊరికి మారొచ్చు, ఏ సెమిస్టర్లో మారితే ఎన్ని కోర్సులు చెల్లుతాయి అని ఒక పెద్ద పట్టిక తయారుచేసి ఆదివారం ఆదివారం దాన్ని సరిచూసుకునేవాడు. మారాలంటే ఒకే సెమిస్టర్లో ఉన్న ఇద్దరు ఎదురెదురుగా దొరకాలి. ట్యూబింగెన్ నుంచి ఆకెన్ రావాలనుకునేవాళ్లు ఎవరూ దొరకలేదు.

ఆ మొదటి చలికాలం అనూహ్య రోజూ ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేది. ఏడుపు కూడా జర్మన్‌లోనే. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగితే తను జర్మన్‌లో జవాబు చెప్పడం బడికి వెళ్లిన మొదటి ఏడాది నుంచీ అలవాటు. తిన్నావా, పడుకో, చలిగా ఉంది, తలుపు వెయ్యి. ఆమె తెలుగు అక్కడితో ఆగిపోయింది.

ఆ మాటలకు అవతల ఇంకా చాలా తెలుగుందని ఆమెకు తెలిసింది బట్టలుతికే దుకాణంలో. పక్క మెషీన్ దగ్గర ఒకమ్మాయి చెంప పట్టుకుని ఫోన్లో తల్లితో మాట్లాడుతోంది. "పన్ను ఒకటే సలుపుతా ఉందమ్మా. డాక్టరు దగ్గరికెళ్తే ఏమని చెప్పేది? నా జర్మన్‌కి ఆయన మంచి పన్ను పీకి చేతిలో పెడతాడు."

అనూహ్య చాలాసేపు లోలోపల మాటలు కూడబలుక్కుని, ఆ అమ్మాయి ఫోన్ పెట్టేయగానే దగ్గరికి వెళ్లింది. "అక్కా... నేను... పన్నుల స్కూల్లో చదువు."

ఆ అమ్మాయి నొప్పి మరిచిపోయి చూసింది. "పన్నుల స్కూలా? ఇన్‌కమ్ టాక్సా?"

"కాదు, కాదు. ఇది." అనూహ్య నోరు తెరిచి వేలితో చూపించింది.

"ఓసి నీ! పన్నులు కాదే, పళ్లు!" అని ఆ అమ్మాయి నవ్వి, వెంటనే "అబ్బా" అని చెంప పట్టుకుంది.

ఆమె పేరు నవ్యశ్రీ. చిలకలూరిపేట నుంచి వచ్చి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేస్తోంది. అనూహ్య ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆయన మాటలు ఈమెకు, ఈమె మాటలు ఆయనకు చెప్పి, జ్ఞానదంతం తీయించి ఇంటికి తీసుకొచ్చింది. రెండు నెలల తర్వాత నవ్యశ్రీ ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ అయితే అందులో చేరిపోయింది. ఆ వంటింట్లో ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో తెలుగు విద్యార్థులు ఉండేవాళ్లు. అనూహ్య తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లు, నవ్వాక సరిదిద్దేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఆమెకు తెలుగులో కోపం వచ్చేది, తెలుగులో జోకు తట్టేది. ఎవరికి పంటినొప్పి వచ్చినా "అనూహ్యా, రేపు డాక్టరు దగ్గర టెర్మిన్ దొరికింది, నువ్వు కూడా వస్తావా?" అని ఫోన్ వచ్చేది. భయపడుతున్న మనిషికి వాళ్ల భాషలో విషయం విడమర్చి చెబితే భుజాలు కిందికి దిగడం ఆమె కళ్లారా చూసేది. డాక్టరయ్యాక చేయాల్సిన పని ఇప్పుడే మొదలైపోయినట్టు ఉండేది.

హెన్రికె మెసేజ్ వచ్చేనాటికి అనూహ్య ఆ ప్రకటన సంగతే మరిచిపోయింది.

సాయంత్రం ఫ్లాట్‌కి చేరేలోపే నాన్న ఫోన్ వచ్చింది. "బిడ్డా! మెయిల్ చూసినవా? దొరికింది! రెండేండ్ల సంది చూస్తే ఇయ్యాల దొరికింది!"

వెనక నుంచి అమ్మ గొంతు. "రూముల కర్టెన్లు ఇయ్యాలనే మారుస్తున్న అని చెప్పు!"

"చూశాను నాన్నా," అంది అనూహ్య, ఇంటివాళ్లతో అలవాటైన జర్మన్‌లోనే.

"సంతోషమే కదా?"

"సంతోషమే."

నవ్యశ్రీ వంట చేస్తోంది. విషయం విని, "శుభవార్తే కదే. ఇంటికెళ్తావన్నమాట," అంది.

"ఏమో అక్కా."

"ఏమో ఏంటి? అమ్మ చేతి తిండి, ఉతికిన బట్టలు. నేనైతే చెప్పుల్లేకుండా పరిగెత్తేదాన్ని." అలా అని స్టవ్ వైపు తిరిగి, పొంగని పప్పు గిన్నె మూత తీసి చూసి మళ్లీ పెట్టింది.

మే నెలలో ఒక శనివారం హెన్రికె ఆకెన్ వచ్చినప్పుడు ఇద్దరూ పార్కులో కలుసుకున్నారు. హెన్రికె చంకలో ఏడాదిన్నర పాప ఉంది. పేరు ఫ్రీడా. భర్తకు ఆకెన్‌లో సైకిళ్ల దుకాణం ఉంది, దాన్ని వదిలి ఆయన ఎక్కడికీ కదలలేడు. పాప కీటా ఇక్కడే. హెన్రికె మాత్రం సోమవారం నుంచి శుక్రవారం దాకా ట్యూబింగెన్‌లో ఉంటుంది.

"రోజూ వీడియో కాల్ చేస్తాను. ఫోన్‌కి ముద్దు పెడుతుంది," అంది హెన్రికె. "మొన్న శుక్రవారం నేను వచ్చి ఎదురుగా నిలబడితే, నన్ను చూసి నవ్వి, ఫోన్ కోసం వెతికింది."

హెన్రికె ఈ మాట నవ్వుతూనే చెప్పింది. కానీ అనూహ్య ఆ నవ్వు వైపు చూడలేక పాప బూటు తాడు కట్టే పని పెట్టుకుంది.

"ఎప్పుడు మారదాం?" అని హెన్రికె అడిగింది. "ఇప్పుడు సెమిస్టర్ మధ్యలో కుదరదు. సెప్టెంబర్‌లో మొదటి స్టేట్ పరీక్ష. ఇద్దరం పాసయ్యాక మారితే రెండు చోట్లా ఏ పేచీ ఉండదు. అక్టోబర్ నుంచి నేనిక్కడ, నువ్వక్కడ."

సరైన సమయం అదే. పరీక్షకు ముందు మారితే కొత్త ప్రొఫెసర్లు, కొత్త పద్ధతులు. తర్వాత ఇంకో ఏడాది ఆగి మారితే సగం కోర్సులు చెల్లవు. నాన్న పట్టికలో కూడా ఆ గడికే పచ్చరంగు వేసి ఉంది. అనూహ్యకు వద్దనడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు, తనకు ఇష్టం లేదన్న ఒక్కటి తప్ప. ఫ్రీడా ఆమె వేలు పట్టుకుని లాగింది.

"సరే," అంది అనూహ్య.

ఆ సరే చెప్పిన రోజు నుంచి ఆమెకు ఏ పనీ సాగలేదు. ల్యాబ్‌లో చెక్కిన పళ్లన్నీ వంకరగా వచ్చాయి. మే చివర్లో వసంతకాలపు సెలవులకు ఇంటికి వెళ్లింది. ఆమె గదిలో కొత్త కర్టెన్లు, కొత్త బల్ల, బల్ల మీద కొత్త దీపం. ప్రవీణ ఒక్కొక్కటే చూపిస్తుంటే అనూహ్య అన్నింటికీ బాగుంది అంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, నాన్నా, నేను ట్యూబింగెన్ రాలేను. రాలేనంటే... రావాలని లేదు."

ప్రవీణ చేతిలో గరిటె ఆగింది. "ఎవరన్న ఉన్నరా ఆడ?"

"ఎవరూ లేరమ్మా."

"మరేంది? మేమేమన్న అన్నమా?"

"లేదమ్మా, అస్సలు కాదు."

ప్రవీణ ఎవరూ అడక్కపోయినా అందరి కంచాల్లోనూ మరికాస్త అన్నం వడ్డించి, లేచి వంటింట్లోకి వెళ్లింది. జితేంద్ర చేయి కడుక్కుని, "దా, జరసేపు నడిచొద్దం," అన్నాడు.

ఇద్దరూ ఊరి మధ్యలో ఉన్న చెరువుల పక్క బాట పట్టారు. బాతులకు రొట్టె వేయవద్దని రాసి ఉన్న బోర్డు కింద ఒక పెద్దాయన బాతులకు రొట్టె వేస్తున్నాడు. రెండో చుట్టులో జితేంద్ర, "ఇప్పుడు చెప్పు," అన్నాడు.

అనూహ్య చెప్పింది. బట్టలుతికే దుకాణం దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పింది. కిందటి నెల ఒకబ్బాయి పన్ను తీయించుకోవడానికి భయపడి కుర్చీలోంచి లేచి పారిపోబోతే, గుమ్మం దగ్గర ఆపి పది నిమిషాలు తెలుగులో మాట్లాడి మళ్లీ కూర్చోబెట్టిన సంగతి చెప్పింది. "అక్కడ నేను ఎవరి కూతురినో ఎవరికీ తెలీదు నాన్నా. నేను అనూహ్యనంతే. నాకు ఆ ఊరు, ఆ ల్యాబు, ఆ వంటిల్లు అన్నీ నచ్చినయ్. మీ మీద బెంగ లేదని కాదు. బెంగ ఉన్నా కూడా నేనక్కడ బాగుంటన్నాను. ఇప్పుడు వచ్చేస్తే అది మధ్యలో తెగిపోద్ది. నాకు తెగ్గొట్టుకోవాలని లేదు."

ఊపిరి తీసుకోవడానికి ఆగి చూస్తే, జితేంద్ర నడక ఆపి నిలబడి ఉన్నాడు.

"కోపం వచ్చిందా నాన్నా?"

"కోపం కాదు బిడ్డా. నువ్వు ఇంతసేపు ఒక్క జర్మన్ ముక్క లేకుండ మాట్లాడినవ్. పద్నాలుగేండ్లల్ల ఇదే మొదటిసారి." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. "గని తెగిపోద్ది ఏందే? జగిత్యాల బిడ్డవు, గుంటూరు దానివెప్పుడైనవ్?"

ఇద్దరూ నవ్వుకున్నారు. కాస్త దూరం నడిచాక జితేంద్ర అన్నాడు. "నిన్నెట్ల తెచ్చుకోవాల్నని రెండేండ్లు లెక్కలేసిన. నీకేడ మంచిగుంటదో నిన్ను అడగనే లేదు. అది నా తప్పే. ఉండు నువ్వు ఆడనే." మళ్లీ కాసేపటికి, "మరి ఆ హెన్రికె సంగతేంది? మాటిచ్చినవు కద."

అనూహ్య ముఖం వాడిపోయింది. ఆకెన్‌లో తాను ఉండిపోతే హెన్రికెకు సీటు లేదు.

ఇంటికి వచ్చేసరికి ప్రవీణ సోఫాలో ముడుచుకు కూర్చుని ఉంది. భర్త మెల్లిగా, హెన్రికె పాప సంగతితో సహా అంతా చెప్పాడు. ప్రవీణ కూతురి వైపు చూడకుండానే అడిగింది. "ఆమె పాపకు ఎన్నేండ్లన్నవ్?"

"ఏడాదిన్నర."

"ఫోన్‌కు ముద్దు పెడ్తదా?"

"అవునమ్మా."

ప్రవీణ సోఫాలో నిటారుగా కూర్చుంది. "మా కీటాల సోమవారం పొద్దుగాల ఏ పోరడు అమ్మను ఇడిసిపెట్టి వచ్చిండో, ఏ పోరని అమ్మనే ఊరికి పోయిందో నాకు చూడంగనే ఎరుకైతది. అమ్మ ఊరికి పోయినోళ్లు ఏడ్వరు. ఊకనే తలుపు దిక్కు చూస్తుంటరు." లేచి, కళ్లద్దాలు పెట్టుకుని, భర్త ముందు చేయి చాచింది. "ఆ వెబ్‌సైటేదో నాకు పెట్టియ్యి. ఇద్దరే మార్చుకోవాల్నని ఏమన్న ఉన్నదా? ముగ్గురు మార్చుకుంటే కాదా?"

జితేంద్ర ఆమెను తేరిపార చూశాడు. రెండేళ్లలో ఆ ఆలోచన ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురూ భోజనాల బల్ల దగ్గరే కూర్చున్నారు. ప్రవీణ ఒక్కొక్క ప్రకటన పైకి చదువుతుంటే జితేంద్ర రాసుకున్నాడు, అనూహ్య సెమిస్టర్లు సరిచూసింది. ట్యూబింగెన్ కావాలన్నవాళ్లు పదకొండు మంది తేలారు. వాళ్లలో ఏడుగురు వేరే సెమిస్టర్లలో ఉన్నారు. ముగ్గురు మెసేజ్‌కి జవాబు ఇవ్వలేదు. టీ తాగుతుండగా పదకొండో మనిషి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. మైంట్స్‌లో చదువుతున్న అమ్మాయి, నాలుగో సెమిస్టరే. ట్యూబింగెన్‌కి మారడానికి ఎప్పుడంటే అప్పుడు సిద్ధంగా ఉంది.

"చూసినవా? హెన్రికె సీటు ఈమెకు," అంది ప్రవీణ, వేలితో బల్ల మీద గీస్తూ. "ఈమె మైంట్స్ సీటు ఎవరన్న ఆకెన్ పిల్లకు. ఆ పిల్ల సీటు హెన్రికెకు. మీ క్లాసుల మైంట్స్ పోవాల్ననేటోళ్లు ఒక్కరు దొరికితే చాలు."

మర్నాడు జితేంద్ర ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్లి మూడు యూనివర్సిటీలకూ ఫోన్లు చేశాడు. ముగ్గురూ మొదటి స్టేట్ పరీక్ష పాసై, కాగితాలన్నీ సెప్టెంబర్ ఆఖరులోగా అందితే మూడు చోట్లా అభ్యంతరం లేదన్నారు. అనూహ్య క్లాసు గ్రూపులో ప్రశ్న పెట్టింది. మైంట్స్ ఎవరికైనా కావాలా?

గ్రూపులో ఎవరూ పలకలేదు. పది నిమిషాల తర్వాత ఆమెకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "ఎవరికీ చెప్పకు. నాకు కావాలి. టోర్బెన్."

సెలవులయ్యాక క్యాంటీన్‌లో టోర్బెన్ చెవులు ఎర్రబడేలా సిగ్గుపడుతూ చెప్పుకొచ్చాడు. మైంట్స్ పక్కనే వాళ్ల ఊరు. ద్రాక్షతోటలు, అమ్మానాన్న, తాతయ్య, ఒక ముసలి కుక్క. "ప్రతి ఆదివారం రైలెక్కేటప్పుడు ఆ కుక్క ప్లాట్‌ఫాం మీద కూర్చుని నన్నే చూస్తుంది. ఇంత మనిషిని, ఇంటి మీద బెంగ అని ఎవరికి చెప్పను?"

"నాకు చెప్పొచ్చుగా. మొదటి ఏడాది నేను రోజూ ఏడ్చాను."

"నువ్వా?" అన్నాడు టోర్బెన్ ఆశ్చర్యంగా. తర్వాత మళ్లీ ముఖం వేలాడేశాడు. "కానీ నన్ను నమ్ముకోవద్దు. నాకు బయోకెమిస్ట్రీ రాదు. ఈ ఏడాది రెండు పరీక్షలూ తప్పాను. స్టేట్ పరీక్షలో కూడా తప్పితే మీ ముగ్గురి పనీ చెడిపోతుంది."

అనూహ్య అతన్ని ఎగాదిగా చూసింది. "రేపటి నుంచి నాలుగింటికి మా ఫ్లాట్‌కి రా."

జూన్, జూలై, ఆగస్టు నెలలన్నీ టోర్బెన్ రోజూ నాలుగింటికి వచ్చాడు. వంటింటి తలుపు చట్రానికి తల తగలకుండా వంగి లోపలికి రావడం మొదటి వారంలోనే నేర్చుకున్నాడు. బయోకెమిస్ట్రీకి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. చక్కెర ఒంట్లో ఎలా కరుగుతుందో అనూహ్య బెల్లం ముక్కలు బల్ల మీద పేర్చి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్కటి తీసేస్తూ చెప్పేది. టోర్బెన్ తప్పు చెబితే ముక్క వెనక్కి పెట్టాలి, సరిగ్గా చెబితే తినొచ్చు. ఆగస్టు వచ్చేసరికి నవ్యశ్రీ డబ్బాలో బెల్లం నిండుకుంది.

"వాడికి చదువు వస్తాందో లేదో గానీ నా బెల్లమంతా అయిపోయింది," అని నవ్యశ్రీ సణిగేది. సణుగుతూనే రాత్రి భోజనానికి అతనికి కూడా బియ్యం పోసేది. తెలుగులో చాలు అని చెప్పాలంటే ఏమనాలని టోర్బెన్ మొదటి రోజే అడిగాడు. "పెట్టు" అనాలని నవ్యశ్రీ తడుముకోకుండా నేర్పింది. అతను కంచం మీద చేతులు అడ్డం పెట్టి "పెట్టు, పెట్టు" అని బతిమాలుతుంటే ఆమె మరో గరిటెడు పప్పు వేసేది. అసలు సంగతి మూడు వారాల తర్వాత తెలిసింది. అప్పటికి నాలుగు కిలోలు పెరిగాడు.

ఆ మధ్యలో హెన్రికె రెండుసార్లు ఫోన్ చేసింది. తను అనుకున్న ఇద్దరి మార్పిడి కాస్తా ముగ్గురి మార్పిడి అయిందని వినగానే ఆమె బెదిరింది. అనూహ్య ఏమీ దాచలేదు. తనకు ఆకెన్ వదలాలని లేదని, అయినా సరే ఈ దారి కుదరకపోతే ఇచ్చిన మాట ప్రకారం తానే సీటు ఇస్తానని చెప్పింది. "నువ్వు ఆ మాట మొదటే చెప్పి ఉంటే నేను వేరేవాళ్లను వెతుక్కునేదాన్ని కదా," అంది హెన్రికె. ఆ తర్వాత అంది, "అయినా చెప్పినందుకు సంతోషం. ఆ టోర్బెన్‌ని మాత్రం నిద్రపోనివ్వకు."

సెప్టెంబర్ రెండో వారంలో పరీక్షలు. అనూహ్యవి మంగళవారానికే అయిపోయాయి, అన్నీ బాగానే వచ్చాయి. ట్యూబింగెన్ నుంచి, మైంట్స్ నుంచి కూడా పాసయ్యామని మెసేజ్‌లు వచ్చాయి. ఇక మిగిలింది గురువారం పదింటికి టోర్బెన్ బయోకెమిస్ట్రీ మౌఖిక పరీక్ష ఒక్కటే. అనూహ్య, నవ్యశ్రీ బయట మెట్ల మీద కూర్చున్నారు. జితేంద్ర ఆఫీసు మీటింగ్‌లోంచి ప్రతి ఐదు నిమిషాలకూ "ఏమైంది?" అని మెసేజ్ పెడుతున్నాడు. ప్రవీణ కీటాలో పిల్లలతో పాటలు పాడిస్తూ ఫోన్ జేబులోనే పెట్టుకుంది.

పదీ నలభైకి తలుపు తెరుచుకుంది. టోర్బెన్ ముఖంలో ఏ భావమూ లేదు. మెట్లు ఒక్కొక్కటే దిగి వాళ్ల ముందు నిలబడ్డాడు.

"చక్కెర అడిగారు," అన్నాడు. "మెట్లన్నీ చెప్పాను. ఒకచోట ఆగిపోతే ప్రొఫెసర్ తొందరేం లేదన్నాడు. కళ్లు మూసుకుని బెల్లం ముక్కలు లెక్కపెట్టుకున్నాను."

"అయితే?"

"నాలుగు."

నాలుగంటే పాసు మార్కుల్లో అన్నింటికంటే కిందిది. అంతకు దిగితే తప్పినట్టే. అనూహ్య కెవ్వున అరిచింది. టోర్బెన్ ఆమెను రెండు చేతులతో ఎత్తి గిర్రున తిప్పి, పక్కనున్న నవ్యశ్రీని కూడా ఎత్తబోయాడు. "దింపరా బాబూ, దింపు!" అని ఆమె తెలుగులోనే కేకలు వేసింది. అతనికి ఆ మాట ఎవరూ నేర్పలేదు. మొదటి అంతస్తు కిటికీ తెరిచి ఎవరో నిశ్శబ్దంగా ఉండమని అరిచారు. ముగ్గురూ నోళ్లు మూసుకుని రోడ్డు దాకా పరిగెత్తి, అక్కడ మళ్లీ మొదలుపెట్టారు.

మూడు యూనివర్సిటీల నుంచి సమ్మతి పత్రాలు రావడానికి రెండు వారాలు పట్టింది. అక్టోబర్ మొదటి ఆదివారం జితేంద్ర, ప్రవీణ పొద్దున్నే కారులో బయల్దేరి పదకొండింటికి ఆకెన్ చేరారు. రెండేళ్లలో ప్రవీణ ఆ ఫ్లాట్‌లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. కూతురి గది చూసింది, కిటికీ తెరిచి చూసింది, పరుపు నొక్కి చూసింది. నవ్యశ్రీని పట్టుకుని, "నా బిడ్డకు నువ్వే తెలుగు నేర్పినవంట," అంది.

"నాదేముందండీ. వద్దన్నా మాట్లాడుద్ది మీ అమ్మాయి," అంది నవ్యశ్రీ.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వచ్చారు. హెన్రికె, ఆమె భర్త, ఫ్రీడా. టోర్బెన్ ఊరికి వెళ్లే సామానుతో పాటు వాళ్ల తోటలోని ద్రాక్షపళ్లు ఒక పెట్టెడు తెచ్చాడు. నవ్యశ్రీ చేసిన గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకుని ప్రవీణ, "పుంటికూర మంచిగ కుదిరింది," అంది. "గోంగూరండీ," అంది నవ్యశ్రీ. "మేం పుంటికూరంటం." ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్లు ఉంటూనే ఆ గిన్నె ఖాళీ చేశారు.

ఫ్రీడా ప్రవీణ ఒళ్లో కూర్చుని పప్పన్నం తింది. ప్రవీణ చిన్న చిన్న ముద్దలు చేసి పెడుతుంటే, పాప ప్రతి ముద్దకూ ముందు తల్లి ఉందో లేదో తిరిగి చూసుకునేది. హెన్రికె అక్కడే ఉండేది. నాలుగైదు ముద్దలయ్యాక పాప చూడటం మానేసి తినడంలో పడింది. ప్రవీణ అది గమనించి కూతురి వైపు చూసింది. ప్రవీణ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ముఖం నిండా నవ్వే ఉంది.

సాయంత్రం కారు దగ్గర ప్రవీణ అడిగింది. "మరి నువ్వు మా దిక్కు ఎప్పుడొస్తవ్ బిడ్డా?"

"డిగ్రీకి ఇంకా మూడేళ్లుంది. అది ఇక్కడే అమ్మా. తర్వాత రెండేళ్లు ఒక డాక్టరు దగ్గర పనిచెయ్యాలి. అది ఎక్కడో అప్పుడు చూసుకుంటా. బ్యోబ్లింగెన్‌లో కూడా అడుగుతాను, ఒట్టు."

"ఒట్టేమొద్దు. నీకు మంచిగ అనిపిస్తెనే అడుగు," అంది ప్రవీణ. "అప్పటిదాంక మేమే వస్తుంటం. నాలుగున్నర గంటలే కద."

మర్నాడు ఐదో సెమిస్టర్ మొదలైంది. అనూహ్య ల్యాబ్‌కి పది నిమిషాలు ముందే వెళ్లింది. టోర్బెన్ కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. ఉదయమే అతను మైంట్స్ ల్యాబ్ నుంచి ఫొటో పంపాడు. అక్కడి స్టూళ్లు ఇంకా చిన్నవట.

ఎనిమిదింటికి హెన్రికె ఆయాసపడుతూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. జుట్టు చెదిరి ఉంది. కోటు భుజం మీద అరటిపండు మరక. అనూహ్య దాన్ని చూపిస్తే తుడుచుకోవడానికి చెయ్యెత్తి, మనసు మార్చుకుని అలాగే వదిలేసింది.

"ఇవాళ కీటాలో నేనే దింపాను," అంది. "ఏడ్చింది, తెలుసా? నన్ను వెళ్లొద్దని ఏడ్చింది. మధ్యాహ్నం నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పాను. నేనే వెళ్తాను కూడా."

అనూహ్య ఆమె దీపం ఎత్తు సరిచేసి, మైనపు ముద్దలున్న డబ్బా వాళ్లిద్దరి మధ్యకు జరిపింది. ప్రొఫెసర్ లోపలికి వచ్చి శుభోదయం చెప్పింది. ఇద్దరూ చేతి తొడుగులు వేసుకుని పనిలో పడ్డారు.